కంటి అంచున రాగి వలయం

ఈ బ్లాగులో ఇంతవరకు ఛందస్సు, జాతీయాలు, పాత వాచకాల ముచ్చట్లే వ్రాస్తూ వచ్చాను. పండితశిక్షణ పొంది, ముప్పది నాలుగేండ్లు ఉన్నత పాఠశాలలలో తెలుగు చెప్పి, 2015లో విశ్రాంతి పుచ్చుకొన్నవాడికి అంతకు మించి ఏం తెలుస్తుంది? అటువంటి నేను ఈసారి మెదడులో రాగి చేసే పనిని గూర్చి వ్రాయబూనడం మిత్రులకు వింతగా తోచవచ్చు. నాకు ఈ విషయంలో ఒక బాకీ ఉన్నది. అదేమిటో ముందు చెప్పి, తరువాత చరిత్రలోకి వెడతాను.

1988లో నా తొమ్మిదవ తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. పేరు అక్కరలేదు. చదువులో మధ్యరకమే గాని వ్రాత మాత్రం ముత్యాల కోవ. తలకట్టు తలకట్టుగా, కొమ్ము కొమ్ముగా, వట్రసుడి ఎక్కడ తిరగాలో అక్కడ తిరిగేది. బడి గోడపత్రికకు అతడే లేఖకుడు. దసరా సెలవులు గడిచాక ఆ వ్రాత చెడసాగింది. అర్ధసంవత్సర పరీక్షల నాటికి అక్షరాలు చీమలంత చిన్నవై, పంక్తులు కిందికి జారి, ఒత్తులు పక్క అక్షరం మీద పడుతున్నవి. అశ్రద్ధ అనుకొన్నాను. రోజుకు పది పుటలు చూచివ్రాత విధించాను. నేను మందలించినప్పుడల్లా నోరు కొద్దిగా తెరచి నవ్వుతూ నిలబడేవాడు. ఆ నవ్వు చూసి ఒళ్ళు మండి ఒకనాడు చేయి చేసుకొన్నాను కూడ. సంక్రాంతి దాటేసరికి మాట ముద్దకట్టింది, పెదవి చివర చొంగ కారేది. బడి మానేశాడు. ఊళ్ళో గాలి సోకిందన్నారు. అతని అన్న ఒకడు అంతకు మూడేండ్ల ముందు కామెర్లతో పోయాడు గనుక, ఇంటికేదో దోషమున్నదని శాంతులు చేయించారు. రెండేండ్లు అలా గడిచాక నగరంలో ఒక వైద్యుడు అతని కంటిలోకి దీపం వేసి చూసి, నల్లగుడ్డు అంచున గోధుమ, ఆకుపచ్చ కలిసిన వలయం ఉన్నదని, ఇది రాగి వల్ల వచ్చిన జబ్బని చెప్పాడు. జబ్బు పేరు విల్సన్ వ్యాధి.

ఆ నవ్వు నవ్వు కాదని, ముఖంలోని కండరాలు బిగిసి నోరు అలా తెరుచుకొంటుందని, ఈ వ్యాధి తొలి గుర్తులలో చేతివ్రాత చెడడం ఒకటని నాకు తెలిసింది విశ్రాంతి తీసుకొన్న తరువాతనే. తెలిసిన దగ్గర నుండి దొరికినదల్లా చదువుతూ వచ్చాను. చదివిన కొద్దీ ఒక సంగతి నన్ను ఆశ్చర్యపరచింది. నాలాగే పెద్ద పెద్ద వైద్యులు కూడ ఈ రాగిని కళ్ళెదుట పెట్టుకొని దాదాపు ముప్పది అయిదేండ్లు చూడలేకపోయారు.

ముందు రాగి మాట. మనకు రాగి అంటే లోహమూ, సంకటి వండుకొనే ధాన్యమూ కూడ. రెండింటికీ ఆ ఎరుపే కారణమై ఉంటుందని నా ఊహ. సంస్కృతంలో తామ్రమన్నా ఎరుపే. మన రసశాస్త్ర గ్రంథాలు శుద్ధి చేయని తామ్రానికి ఎనిమిది దోషాలు లెక్కపెట్టాయి. వాంతి, అరుచి, మూర్ఛ, తల తిరుగుట వంటివి అందులో ఉన్నవి. మామూలు విషానికి దోషమొక్కటే, రాగికి ఎనిమిది అని వారి భావం. ఇంటి ఇల్లాండ్రకు ఆ గ్రంథాలు తెలియకపోయినా కళాయి వేయని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచరాదని తెలుసు. అయితే రాగిచెంబులో నీళ్ళు త్రాగితే విల్సన్ వ్యాధి వస్తుందని ఎవరూ భయపడనక్కరలేదు. ఇది గిన్నె వల్ల వచ్చే జబ్బు కాదు, పుట్టుకతో వచ్చేది.

మనిషి ఒంటిలో ఉండే రాగి మొత్తం సుమారు నూరు మిల్లీగ్రాములు. ఒకచోట ముద్ద చేస్తే మిరియపు గింజంత కూడ కాదు. అది మన చెంబులో ఉన్నట్లు లోహరూపంలో ఉండదు. ఒకటో రెండో ఎలక్ట్రానులు పోగొట్టుకొని, విద్యుదావేశం గల అయానుగా, మాంసకృత్తుల చేతులలో చిక్కి ఉంటుంది. ఒక ఎలక్ట్రానును ఇట్టే పుచ్చుకొని ఇట్టే ఇచ్చివేయగలగడం దాని గుణం. కణాలు ప్రాణవాయువును వాడుకొని శక్తి పుట్టించుకొనడానికి, మెదడులో ఒక నాడి మరొక నాడికి కబురందించే రసాయనాలు తయారు కావడానికి ఈ ఇచ్చిపుచ్చుకోలు కావాలి. కట్టుతప్పిన రాగి అయాను అదే గుణంతో కణాన్ని కాలుస్తుంది కూడ. అందుకే ఆరోగ్యవంతుని శరీరంలో రాగి ఒంటరిగా తిరిగే వీలు దాదాపుగా ఉండదు. పెరటి వాకిలి వంటి పైత్యరసం ద్వారా మిగులు రాగిని బయటికి పంపే కాపలాదారు కాలేయం.

ఇక చరిత్ర. శామ్యూల్ అలెగ్జాండర్ కిన్నియర్ విల్సన్ 1878లో అమెరికాలోని న్యూజెర్సీలో పుట్టి, ఎడింబరోలో పెరిగి చదివి, లండనులో క్వీన్ స్క్వేర్ నాడీవైద్యశాలలో పనిచేశాడు. అక్కడ యౌవనంలో ఉన్న కొందరు రోగులు అతనికి తటస్థపడ్డారు. చేతులు వణకడం, మాట పోవడం, అవయవాలు కొయ్యబారడం, చివరకు మరణం. చనిపోయినవారిని పరీక్షిస్తే రెండు చోట్ల చెడు కనిపించింది. మెదడు లోతట్టున మైసూరుపప్పు బద్ద ఆకారంలో ఉండే భాగం కుళ్ళి గుంటపడి ఉన్నది. కాలేయం గరుకుగా గట్టిపడి ఉన్నది. వీరెవరికీ మద్యపానపు అలవాటు లేదు. ఒకే ఇంటి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఈ జబ్బున పడుతున్నారు. విల్సన్ తాను చూసినవారికి ఆ వైద్యశాల పాత కాగితాలలోని గవర్స్ వంటివారి రోగులను కూడ చేర్చి, ఎడింబరో విశ్వవిద్యాలయానికి సిద్ధాంతగ్రంథం సమర్పించి, 1912లో 'బ్రెయిన్' పత్రికలో ప్రకటించాడు. ఆ వ్యాసం రెండు వందల పుటలు దాటింది! ఈనాడు ఏ పత్రికా అంత వ్యాసం అచ్చువేయదు. రోగుల ముఖకవళిక, నడక, నవ్వు, ఏడుపు కూడ ఒక్కొక్కటీ వర్ణించాడు. అయినా రెండు విషయాలలో అతడు తప్పిపోయాడు. వ్యాధి ఒకే కుటుంబంలో వస్తున్నదని చూసి కూడ ఇది వంశపారంపర్యం కాదన్నాడు. కాలేయం నుండి ఏదో విషం మెదడుకు పోతున్నదని ఊహించినవాడే, ఆ విషమేదో పట్టుకొనలేదు. ఆ ఊహ ఎంత దగ్గరగా వచ్చి ఆగిపోయిందో తలచుకొంటే నాకు జాలి కలుగుతుంది.

కంటి వలయం మాట అతని మహాగ్రంథంలో లేదు. కాని అప్పటికే జర్మనీలో ఆ వలయాన్ని చూసి ప్రకటించినవారున్నారు. 1902లో బెర్న్‌హార్డ్ కైజర్, 1903లో బ్రూనో ఫ్లైషర్. కైజర్ తన రోగికున్నది మరొక నాడీవ్యాధి అనుకొన్నాడు. ఫ్లైషర్ ఓపికగా ఇటువంటి వారిని మరికొందరిని పోగుచేసి, కన్ను, కాలేయం, మెదడు మూడూ ఒకే జబ్బులో చెడుతున్నవని చెప్పగలిగాడు. ఆ రంగు దేనిదన్నదే తేలలేదు. వెండి అని కొందరు భ్రమించారు. కంటి వైద్యులు కంటి పత్రికలలో వ్రాసుకొన్నారు, నాడీవైద్యులు నాడీ పత్రికలలో వ్రాసుకొన్నారు. లండను మాట ఒకటి, జర్మనీ మాట మరొకటి.

రాగి దొరకలేదా అంటే, దొరికింది. 1913లోనే రుంపెల్ అనే జర్మన్ వైద్యుడు ఇటువంటి రోగి కాలేయంలో రాగి మెండుగా ఉన్నదని కనుగొన్నాడు. ఎవరూ పట్టించుకొనలేదు. 1922లో సీమర్లింగ్, ఓలోఫ్ అనే ఇద్దరు ఈ వ్యాధిలో కంటికటకం మీద పొద్దుతిరుగుడు పువ్వు వంటి మచ్చ చూశారు. రాగి ముక్క కంటిలో గుచ్చుకొన్నవారికి సరిగ్గా అటువంటి మచ్చే పడుతుందని వారే వ్రాశారు. పోలిక చెప్పారు గాని పోలిక నుండి సిద్ధాంతానికి పోలేదు. 1930లో హారోవిట్జ్ మెదడులోనూ, కాలేయంలోనూ రాగి అధికమని చూపాడు. అలంకారశాస్త్రంలో ఉపమ దగ్గర ఆగిపోయేవాడికి, దాని వెనుక ధ్వనిని పట్టుకొనేవాడికి తేడా చెబుతూ ఉంటాం గదా, ఇక్కడ ముప్పది అయిదేండ్ల పాటు అందరూ ఉపమ దగ్గరనే ఉండిపోయారు. 1937లో విల్సన్ మరణించాడు. తన పేరు పెట్టిన వ్యాధికి కారణం తెలియకుండానే పోయాడు.

ముడి విప్పినవాడు క్వీన్ స్క్వేర్‌కు చెందినవాడే, జాన్ కమింగ్స్. రోగుల మెదడు, కాలేయాలలో రాగినీ ఇనుమునూ కొలతలు వేసి, ఆరోగ్యవంతుల కొలతలతో పోల్చి 1948లో ప్రకటించాడు. దానితోపాటు ఒక సూచన చేశాడు. శరీరం నుండి లోహాన్ని లాగివేయగల మందు ఒకటి అప్పటికే ఉన్నది, దానిని వీరికి ఇచ్చి చూడవచ్చునని.

ఆ మందు పుట్టుక యుద్ధంలో. లూయిసైట్ అనే పాషాణ సంబంధమైన విషవాయువును శత్రువులు ప్రయోగిస్తారన్న భయంతో రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఆక్స్‌ఫర్డ్‌లో రుడాల్ఫ్ పీటర్స్ బృందం దానికి విరుగుడు తయారుచేసింది. పాషాణం శరీరంలోని గంధకపు పట్టులను అంటుకొంటుంది. అంతకన్న గట్టిపట్టున్న రెండు గంధకపు చేతుల మందు ఇస్తే పాషాణం దానికి చిక్కి బయటికి పోతుంది. బిఎఎల్ అని దానికి పేరు. లూయిసైట్ ఆ యుద్ధంలో వారి మీద పడలేదు. విరుగుడు మాత్రం మిగిలింది. రాగి కూడ గంధకానికి లొంగుతుంది. 1951లో కమింగ్స్ ఇంగ్లండులో, డెనీ బ్రౌన్ అమెరికాలోని బోస్టనులో రోగులకు ఇచ్చి చూశారు. మూత్రంలో రాగి పోసాగింది. కదలలేనివారు కొందరు కదిలారు. మెదడుకు పట్టిన జబ్బు వెనక్కి తగ్గడం ఆనాటికి విననిమాట.

కాని అది సూదిమందు. అదీ వేరుశనగ నూనెలో కలిపి కండలో లోతుగా పొడవవలసినది. ఆ నొప్పి భరించి ఏండ్ల తరబడి పొడిపించుకొనడం ఎవరికి సాధ్యం?

ఇక్కడ జాన్ వాల్ష్ ప్రవేశిస్తాడు. అతని తండ్రి ఫ్రాన్సిస్ వాల్ష్ కూడ క్వీన్ స్క్వేర్ నాడీవైద్యుడే. కుమారుడు కాలేయవ్యాధుల వైపు పోయాడు. లండనులో పెనిసిలిన్ పుచ్చుకొన్న రోగుల మూత్రం పరీక్షిస్తూండగా అందులో ఎన్నడూ చూడని అమైనో ఆమ్లమొకటి కనిపించింది. పెనిసిలిన్ విరిగి ఏర్పడిన పదార్థమది, పెనిసిలమైన్. అప్పటికి అది ఎందుకూ పనికిరాని ముచ్చట. 1955 ప్రాంతంలో బోస్టనులో ఉండగా ఒక వార్డులో సూదిమందులతో విసిగిపోయిన విల్సన్ రోగిని అతనికి చూపారు. వార్డు దాటుతూండగానే వాల్ష్‌కు తట్టింది. పెనిసిలమైన్ అణువులో గంధకమున్నది, పక్కనే అమైనో కొస ఉన్నది, రాగిని పట్టగలదు, కడుపులోనికి ఇచ్చినా చెడకుండా మూత్రంలోకి వస్తుంది. కొద్ది గ్రాములు సంపాదించాడు. ముందు ఒక గ్రాము తానే మింగాడు. ఏమీ కాలేదు. తరువాత రోగికిచ్చాడు. రాగి మూత్రంలో దిగింది. 1956లో 'లాన్సెట్' పత్రికలో ఆ సంగతి వెలువడింది. నా విద్యార్థి మింగిన మాత్ర అదే.

పూర్తి సుఖాంతం కాదు. నాడీలక్షణాలున్నవారిలో కొందరికి ఈ మందు మొదలుపెట్టగానే జబ్బు ముదిరేది. కొందరికి రక్తం, మూత్రపిండాలు దెబ్బతినేవి. 1969లో అటువంటి రోగి ఒకరి కోసం కేంబ్రిడ్జిలో వాల్ష్ మరొక మందు, ట్రయంటీన్, వాడి చూశాడు. డచ్చివాడైన షౌవింక్ 1961లోనే యశదం వాడి ఫలితం చూశాడు. యశదం పేగుల గోడలో రాగిని పట్టి ఉంచే మాంసకృత్తును పెంచి, అది లోనికి రాకుండా ఆపుతుంది. ఒక లోహానికి మరొక లోహం కాపలా. వాల్ష్ 2022లో, నూటరెండవ యేట మరణించాడు.

కారణం ఏమిటో 1993లో తెలిసింది. పదమూడవ క్రోమోజోములో ఎటిపి7బి అనే జన్యువు చెడితే కాలేయంలో రాగిని పైత్యరసంలోకి తోసే పంపు పనిచేయదు. రాగి కాలేయంలో నిండి, పొంగి, రక్తంలోనికి పొర్లుతుంది. అక్కడి నుండి మెదడుకు, కంటికి. కంటిలో అది నల్లగుడ్డు అంచున సన్నని పొరలో పేరుకొంటుంది. ఆ వలయం చూపును చెరపదు, అందుకే రోగికి దాని ఊసే తెలియదు.

ఆ 1993లోనే దీని జంట జన్యువు కూడ దొరికింది. దాని కథ గొర్రెల మందలో మొదలవుతుంది, కొంచెం పక్కదారి అయినా చెప్పకుండా ఉండలేను. పడమటి ఆస్ట్రేలియాలో రాగి తక్కువైన పచ్చిక బయళ్ళలో మేసిన గొర్రెలకు పుట్టిన పిల్లలు నడుము ఊగుతూ పడిపోయేవి. 1937లో బెనెట్స్, చాప్‌మన్ అనేవారు లోపం రాగిదని చూపారు. రాగి చాలని గొర్రెల ఉన్ని వంపు పోయి తీగెలాగా నిటారుగా ఉంటుంది. 1962లో న్యూయార్కులో జాన్ మెంకెస్ ఒకే కుటుంబంలో అయిదుగురు మగశిశువులను వర్ణించాడు. మెదడు ఎదగక, మూర్ఛలతో పసితనంలోనే పోయారు. వారి వెంట్రుకలు పెళుసుగా, మెలికలు తిరిగి ఉన్నవి. పదేండ్లకు మెల్బోర్నులో డేవిడ్ డ్యాంక్స్ అనే వైద్యుడు అటువంటి శిశువు జుట్టు చూసి, ఇది రాగి లేని గొర్రె ఉన్నిలాగున్నదే అనుకొన్నాడు. కొలిస్తే నిజమే, పేగు రాగిని లోనికి పోనీయడం లేదు. ఒక ఇంట రాగి పొంగి మెదడు చెడితే, మరొక ఇంట రాగి అందక చెడింది. ఆ శిశువులకు ఇచ్చే రాగి, హిస్టిడీన్ కలయికను మనిషి రక్తంలో కనుగొన్నవాడు టొరంటోలో పనిచేసిన బిబుధేంద్ర సర్కార్. మన ఉచ్చారణలో విబుధేంద్రుడు. బీడులో పడిపోయిన గొర్రెపిల్లను చూసినవాడూ ఈ వైద్యచరిత్రలో భాగమే అయినందుకు నాకు సంతోషం.

మళ్ళీ విల్సన్ వ్యాధికి వస్తే, ఇది ముప్పదివేలమందిలో ఒకరికి వస్తుందని లెక్క. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు ప్రతులూ చెడితేనే వ్యాధి. ఒక్క ప్రతి చెడినవారు తొంభైమందిలో ఒకరుంటారు. వారికి ఏ బాధా లేదు. మేనరికాలు, మేనమామ పెళ్ళిళ్ళు జరిగే మన ఇండ్లలో ఆ రెండు ప్రతులూ ఒకచోట చేరే అవకాశం హెచ్చు. నా విద్యార్థి తల్లి, తండ్రికి సొంత మేనకోడలు. ఇది ఎవరినీ నిందించడానికి వ్రాయడం లేదు. మా ఇంటిలోనూ మేనరికాలున్నవి. అయితే ఒక బిడ్డకు ఈ వ్యాధి తేలినప్పుడు తోబుట్టువులందరినీ పరీక్షించి తీరాలి. ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు అవకాశమున్నది. లక్షణాలు కనిపించకముందే మందు మొదలుపెట్టినవారు మామూలు జీవితం గడుపుతారు. ఏండ్ల తరువాత మొదలుపెడితే పోయినదంతా తిరిగిరాదు.

మందుల వెల మాట కూడ చెప్పాలి. వాల్ష్ ట్రయంటీన్‌ను ఒక్క రోగి కోసం వాడి చూశాడు. అమెరికాలో ఆ మందు హక్కులు చేతులు మారి, 2010 తరువాత అయిదేండ్లలో దాని వెల ముప్పది రెట్లకు పైగా పెరిగింది. నూరు గొట్టాల సీసా ఇరవై వేల డాలర్లు దాటింది. కనిపెట్టడానికి అయిన ఖర్చుతో ఆ వెలకు సంబంధం లేదు.

నా విద్యార్థికి రెండేండ్ల ఆలస్యం జరిగింది. మొదట వారు తిరిగిన వైద్యులలో ఇద్దరు కామెర్లకు మందిచ్చారు, ఒకరు మనోవ్యాధి అన్నారు. నేను వారిని తప్పుపట్టలేను. అందరికన్న ముందు అతని చేతిని రోజూ చూసినవాణ్ణి నేను. ఇప్పుడు అతనికి యాభై దాటింది. తమ ఊరిలోనే చిన్న కిరాణా అంగడి. మాట కొంచెం తడబడుతుంది, ఎడమచేయి సరిగా రాదు. మందు మానలేదు. అతని చెల్లెలిని అప్పుడే పరీక్షిస్తే ఆమెకూ వ్యాధి ఉన్నదని తేలింది. కంటిలో వలయం లేదు, లక్షణమేదీ లేదు, రక్తపరీక్షలో, మూత్రపరీక్షలో పట్టుబడింది. అప్పటికామె ఆరవ తరగతి. ఆమె కూడ మాత్రలు మింగుతూ చదివి, ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయిని అయింది. మొన్న వేసవిలో అంగడికి వెళ్ళినప్పుడు ఇదంతా చదివానని, అప్పుడు కొట్టినందుకు మన్నించమని అతనితో అన్నాను. "నాకు గుర్తు లేదు మాస్టారూ, చూచివ్రాత పుస్తకం మాత్రం ఉంది" అన్నాడు. అటక మీది నుండి తీయించి తెచ్చి చూపాడు. తెలుగు వాచకంలోని ఒకే పద్యం, రోజుకు పది పుటల చొప్పున. నవంబరు నుండి జనవరి దాకా పుటలు తిరగవేశాను. ప్రతి పుట కింద ఎర్రసిరాతో నా సంతకమున్నది.